చీటీ లేని సీసా

ఒకప్పుడు నా దగ్గర జంతుశాస్త్రం చదువుకుని, ఇప్పుడు హైదరాబాదులో పరిశోధన చేస్తున్న అమ్మాయి ఒకరోజు ఫోన్ చేసింది. కుశలమైనా అడక్కుండా, "సార్, మన ల్యాబులో అలుగు సీసా ఇంకా ఉందా?" అంది.

ఉందన్నాను. ప్రొద్దుటూరు పక్కన నేను పాఠాలు చెప్పిన కాలేజీలో, చెక్క బీరువా పై అరలో, నేను ఉద్యోగంలో చేరకముందు నుంచే ఉన్న సీసా అది. అందులో అలుగు పిల్ల. తోకను పొట్ట మీదికి తెచ్చుకుని, తల లోపలికి దాచుకుని, ముడుచుకుని ఉంటుంది. ఏటా కొత్తగా చేరిన పిల్లలు దాని చుట్టూ మూగి, చేపా పామా అని వాదులాడుకునేవాళ్లు. పొలుసులున్నా ఇది పిల్లలకు పాలిచ్చే జంతువే అని చెబితే నమ్మడానికి వాళ్లకు కొంచెంసేపు పట్టేది. నా ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన నిమిషాల్లో అదొకటి.

ఆ అమ్మాయి వచ్చింది. అనుమతి తీసుకుని బీరువా తెరిపించాం. సీసాలోని ద్రవం పాత నెయ్యి రంగుకు తిరిగింది. అంటించిన చీటీ మీద సిరా వెలిసిపోయి, పక్కల పురుగు కొట్టి, ఒకటి రెండు అక్షరాల తోకలు మాత్రం మిగిలాయి. ఆమె మొదట అడిగింది జంతువు గురించి కాదు. "ఇది ఎక్కడిది సార్?" అంది.

నాకు తెలియదు. పక్కనున్న అటెండరు అందుకున్నాడు. "గండికోట కాడ దొరికిందంటారు సార్. నేను పనిలో చేరేనాటికే అట్ల చెప్పుకుంటాండిరి." జమ్మలమడుగులో ఉంటున్న ఒక పాత సహోద్యోగికి ఫోన్ చేస్తే ఆయన మాట వేరు. అది పులివెందుల పక్క వేముల ముగ్గురాయి గనుల దగ్గర తవ్వుతుండగా బయటపడిందట. ఆయన కంటే పెద్దాయన ఇంకొకరు, అదంతా వట్టిమాట, సంతలో పాములవాడి దగ్గర కొన్నదని తేల్చేశారు. ముగ్గురూ అబద్ధం చెప్పే మనుషులు కారు. ముగ్గురికీ గట్టి నమ్మకమే.

"గండికోట అని రాసేద్దాం సార్, ఎవరొచ్చి అడుగుతారు?" అన్నాడు అటెండరు. పని జరిగిపోవాలన్న మంచితనమే తప్ప ఆ మాటలో వేరే ఏమీ లేదు. నా మనసు కూడా కొంచెం అటే మొగ్గింది. గండికోట చుట్టూ ఎర్రమల కొండలున్నాయి, చీమల పుట్టలున్నాయి, అలుగు ఉండడానికి తగిన చోటే. ఆ అమ్మాయి మాత్రం తల అడ్డంగా ఊపి, "తెలియదు అనే రాయండన్నా" అంది. ఫోటోలు తీసుకుంది. అలుగు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులోని జంతువు కాబట్టి, చిన్న ముక్క కోయాలన్నా అటవీశాఖ కాగితం కావాలని చెప్పి, అది వచ్చాక మళ్లీ వస్తానని వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చాక ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. ఎందుకంత పట్టుదల? ఒక ఊరి పేరు రాస్తే పోయేదేముంది?

కాలేజీకి వెళ్లే దారిలో ఆమె చెప్పింది ఒక్కొక్కటే గుర్తుకు వచ్చింది. అలుగు పొలుసుల కోసం దొంగవేట ఎంత సాగుతోందో మనం పేపర్లలో చదువుతూనే ఉంటాం. 2016లో ప్రపంచ దేశాలు కలిసి అన్ని అలుగు జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించాయి. వేట ఆగలేదు. పోలీసులు, అటవీ అధికారులు పట్టుకున్న బస్తాలో ఉండేవి పొలుసులు మాత్రమే. అవి ఏ కొండల నుంచి వచ్చాయో తెలిస్తే ఏ కొండల్లో కాపలా పెట్టాలో తెలుస్తుంది. ఆ జవాబు డీఎన్ఏ చెప్పగలదు. కానీ అది ఒంటరిగా చెప్పలేదు. పోల్చి చూడడానికి, ఫలానా చోట దొరికిందని కచ్చితంగా తెలిసిన నమూనాలు పక్కన ఉండాలి. వేములలో పుట్టిన అలుగుకు గండికోట చీటీ తగిలిస్తే, రేపెప్పుడో ఒక అధికారి జీపు తప్పు కొండ ఎక్కుతుంది. చీటీ ఖాళీగా ఉంటే ఆ జీపు అసలు బయలుదేరదు. ఈ రెండింటిలో ఏది తక్కువ నష్టమో ఆ అమ్మాయికి ముందే తెలుసు. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నేను దాన్ని ఆ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. నాకు ఆ సీసాలో ఒక ఆకారం కనిపించేది. ఆమెకు ఒక చోటు కనిపించాలి, అది కనిపించలేదు.

ఇంకో చిక్కు ఉంది. సీసాలోది ఫార్మాలిన్. ఫార్మాలిన్ చేసే పని గొప్పదే. కండలోని ప్రోటీన్లను ఒకదానితో ఒకటి ముడివేసి, కుళ్లు దగ్గరికి రానీయకుండా, రూపాన్ని పట్టి నిలుపుతుంది. అందుకే ఆ పిల్ల పొలుసుల వరుస ఇప్పటికీ చెదరలేదు. అయితే ఆ ముడులే డీఎన్ఏను కూడా బిగిస్తాయి. కాలం గడిచేకొద్దీ అది తునాతునకలవుతుంది. ఈ రోజుల్లో చాలా తిప్పలు పడి ఫార్మాలిన్ నమూనాల నుంచి కూడా కొంత రాబడుతున్నారు. కానీ ఆమె మాట ఇవ్వలేకపోయింది. "వస్తే అదృష్టం సార్" అంది. అదే కండ ముక్కను ఫార్మాలిన్ తగలనీయకుండా నూటికి తొంభై అయిదు పాళ్ల ఆల్కహాల్లో వేసి ఉంటే, ఆల్కహాల్ అందులోని నీటిని లాగేసి, డీఎన్ఏను కత్తిరించే ఎంజైముల నోరు కట్టేసి ఉండేది.

అయితే ఆ సీసా నింపిన మాస్టారు తప్పు చేశారా? నాకలా అనిపించదు. ఆయన కాలానికి జంతువును అడిగే ప్రశ్న ఒక్కటే. నీ రూపం ఏమిటి? ఎన్ని వేళ్లు, ఎన్ని పొలుసులు, పళ్లు ఉన్నాయా లేవా? ఆ ప్రశ్నకు ఫార్మాలిన్ కన్నా మంచి జవాబు లేదు. ఆయన తన కాలం అడిగినదాన్ని నిజాయితీగా దాచారు. ఇప్పుడు మనం వెళ్లి, ఆయన ఊహకైనా అందని ప్రశ్న అడుగుతున్నాం. సీసా మూగబోతే అది ఆయన లోపమా? రేపు వచ్చేవాళ్లు మనం దాచినవాటి ముందు నిలబడి ఏమడుగుతారో మనకు మాత్రం తెలుసా?

ఈ ఆలోచనలో ఉండగానే మా వీధిలోకి, ఆవులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర వచ్చాడు. పక్కింటి వాళ్ల ఆవు ఎదకు వచ్చింది. మోటారుసైకిలు వెనక కట్టిన నత్రజని క్యాను మూత తీయగానే తెల్లటి పొగ నేల మీదికి జారింది. పిల్లలు చేతులు పెట్టబోతే అదిలించాడు. సన్నటి గొట్టం ఒకటి చిమటాతో తీసి, గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, తుడిచి, గన్నులో పెట్టుకున్నాడు. వందసార్లు చూసిన పనే. ఆ రోజు మాత్రం ఆ గొట్టాన్ని ఒకసారి చూపించమని అడిగాను. పుల్లంత గొట్టం మీద పొడి అక్షరాలు అచ్చుకొట్టి ఉన్నాయి. ఆబోతు నంబరు, జాతి, వీర్యం తీసిన తేదీ, కేంద్రం గుర్తు.

క్యానులో ఉన్న చలి సున్నాకు దిగువన 196 డిగ్రీలు. ఆ చలిలో జీవకణం లోపలి కాలం దాదాపు ఆగిపోతుంది. నేరుగా గడ్డకట్టిస్తే నీరు మంచు ముళ్లై కణాన్ని పొడిచి చంపుతుంది. 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు గ్లిసరాల్ కలిపితే ఆ ముళ్ల నుంచి వీర్యకణాలు తప్పించుకుంటాయని కనిపెట్టారు. ఆ ఫలితమే ఇవాళ మన పల్లెల్లో ఆవు దగ్గరికి బండి మీద వస్తోంది. హైదరాబాదులో అత్తాపూర్ దగ్గర సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ ప్రయోగశాల ఉంది. శాస్త్రవేత్త లాల్జీ సింగ్ పూనికతో ఏర్పడినది. వన్యప్రాణుల కణజాలాన్ని, వీర్యాన్ని, డీఎన్ఏను అక్కడ ఇదే చలిలో దాస్తున్నారు. 2006లో కృత్రిమ గర్భధారణతో అక్కడ ఒక దుప్పి పిల్ల పుట్టినప్పుడు పేరు పెట్టి మరీ చెప్పుకున్నాం. 2019లో దేశానికంతటికీ వన్యప్రాణి జన్యు భాండాగారంగా దాన్ని ప్రారంభించారు. చలి ఒకటే, నత్రజని ఒకటే. జెర్సీ ఆబోతుకు వీధి వీధికీ అందిన చీటీ మన కొండల్లోని అలుగుకు ఎందుకు అందలేదన్నది అంత కష్టమైన ప్రశ్నేమీ కాదు. పాలకు ధర ఉంది. అయినా ఆ గొట్టం మీది అక్షరాలు చూశాక, చీటీ రాయడం మనకు చేతకాని విద్య అని నేను ఇక అనలేను.

దాచిన ప్రాణి అనగానే నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. మా పెన్నమ్మ జమ్మలమడుగు దాటి, ప్రొద్దుటూరును ఒరుసుకుని, కిందికి పోయి సిద్ధవటం చేరేచోట లంకమల ఉంది. చిట్టడవి, ముళ్లపొదలు, మధ్యమధ్య గులకరాళ్ల బయళ్లు. కలివి కోడి ఆ నేలది. రాత్రిళ్లు తిరిగే పక్షి, నిలబడి ఉంటే రాయి అనుకుంటాం. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ సేకరించిన పక్షి ఆధారంగా 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ దానికి శాస్త్రీయ నామం పెట్టాడు. పెన్నా, గోదావరి లోయల్లో అక్కడక్కడ కనిపించి, 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ చూసిన తరువాత మాయమైంది. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఈ జిల్లాలో ఊరూరా తిరిగి, పటం చూపించి, వేటకు పోయేవాళ్లను, గొర్రెలు కాసేవాళ్లను అడిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లెకు చెందిన ఐతన్న రాత్రిపూట టార్చి వెలుగులో ఒక పక్షిని పట్టుకున్నాడు. ఎనభై ఆరేళ్ల తరువాత కలివి కోడి ఉన్నట్టు తేలింది.

ఆ పక్షి బతకలేదు. దాని దేహాన్ని సొసైటీ వాళ్లు భద్రపరిచారు.

ఈ కథను నేను క్లాసులో చాలాసార్లు చెప్పాను, ప్రతిసారీ గర్వంగానే చెప్పాను. కానీ పక్షి చచ్చిపోయిందన్న వాక్యం దగ్గర మాత్రం నా గొంతు త్వరపడేది. ఎవరో ఒక పిల్లవాడు అడగనే అడిగేవాడు, "అయితే దొరికినట్టా సార్, పోయినట్టా?" అని. నేను అభయారణ్యం గురించి చెప్పి ముగించేవాణ్ని. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ ఆ పొదల్లోకి వస్తే దారి మార్చాల్సి వచ్చింది, ఇవన్నీ నిజాలే. అయినా అవి ఆ పిల్లవాడు అడిగినదానికి జవాబులు కావు. ఒక ప్రాణి జాడ తెలియడానికి ఆ ప్రాణే పోవడం మనకు మింగుడుపడే సంగతి కాదు. దాన్ని అరలో పెట్టినంత మాత్రాన మింగుడుపడుతుందా?

నా లోపలి ఈ పీట ముడి కొంతైనా వదులైంది ఒక గుడ్డు వల్ల. స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయం సేకరణలో ఒక గుడ్డు ఉంది. 1917లో కోలారు బంగారు గనుల ప్రాంతంలో పశువైద్యుడిగా ఉన్న మీటన్ అనే ఆయన నుంచి, గుడ్లు సేకరించే మరొకరి చేతికి, అక్కడి నుంచి చేతులు మారి ఆ మ్యూజియానికి చేరింది. కలివి కోడిదని దాని మీద ఉంది. నిజమా కాదా? కలివి కోడి గుడ్డును అంతకుముందు ఎవరూ గుర్తించి ఎరుగరు, పోల్చడానికి ఇంకొకటి లేదు. గుడ్డు నుంచి తీసిన డీఎన్ఏను ఇంగ్లండులోని ట్రింగ్ మ్యూజియంలో భద్రపరచిన కలివి కోడి చర్మం కాలివేలి మెత్తటి భాగం నుంచి తీసిన డీఎన్ఏతో పోల్చి చూశారు. రెండూ ఒకటే. 2013లో అలన్ నాక్స్, ఆయన సహచరులు ఆ సంగతి ప్రకటించారు. 1900 తరువాత కనిపించలేదనుకున్న పక్షి 1917లో కోలారు వైపు గుడ్డు పెట్టిందని తెలిసింది.

కాలివేలు ఎందుకని మీకూ సందేహం వచ్చి ఉంటుంది. అక్కడి చర్మం మందం, తొందరగా ఎండుతుంది. కొంచెం కోసినా పక్షి రూపం చెడదు. ఆ చర్మాన్ని ఒలిచి, ఆర్సెనిక్ పూసి, దూది కూరి, ఎండబెట్టినవాళ్లకు డీఎన్ఏ అన్న మాటే తెలియదు. దాని నిర్మాణం బయటపడడానికి 1953 దాకా ఆగాలి. వాళ్లు దాచింది ఈకల రంగు కోసం. అందులో ఏముందో తెలియకుండానే దాచారు. మా బీరువాలో శ్రద్ధగా ద్రవంలో ముంచిన అలుగు కన్నా, తుపాకీతో కొట్టి దూది కూరిన ఆ పక్షే ఎక్కువ చెప్పగలుగుతోందంటే, ఇందులో గర్వపడడానికి గానీ తప్పు పట్టడానికి గానీ చోటు కనిపించదు. రెండు చోట్లా మనుషులు తెలియకుండానే ఎంచుకున్నారు. ఒకచోట కలిసొచ్చింది.

ఇలాంటివి వెతికితే ఇంకా దొరికాయి. గుర్రం, చారల గుర్రం కలిసినట్టుండే క్వాగా అనే జంతువు 1883లో ఆమ్‌స్టర్‌డామ్ జూలో ఆఖరిది చనిపోవడంతో అంతరించింది. నూరేళ్లు దాటాక, 1984లో, కాలిఫోర్నియాలో ఆలన్ విల్సన్ బృందం దాని పాత చర్మానికి అంటుకుని ఎండిన కండ నుంచి డీఎన్ఏ తీసి చదివింది. అంతరించిన జంతువు డీఎన్ఏను చదవడం అదే మొదలు. చర్మం శుభ్రంగా గీకి ఉంటే ఆ కండ మిగిలేది కాదు. పనిమంతుడి అజాగ్రత్త సైన్సుకు మేలు చేసిందని నవ్వుకోవాలో ఏమో.

ఇంగ్లండులో డెరెక్ రాట్‌క్లిఫ్ అనే ఆయన 1967లో డేగ గుడ్ల పెంకులను తూకం వేసి, కొలిచి, 1947 ప్రాంతం నుంచి అవి పల్చబడ్డాయని చూపించాడు. పాత పెంకులు దొరికింది గుడ్లు ఏరడం సరదాగా ఉన్నవాళ్ల పెట్టెల్లో. ఆ సరదా ఇప్పుడు అక్కడ నేరం. కానీ ఆ పెట్టెలు లేకపోతే, డీడీటీ పక్షుల గర్భంలో చేస్తున్న పని అంత త్వరగా తేలేది కాదు. అది చదివినప్పుడు నాకు మా నల్లరేగడి చేలు గుర్తొచ్చాయి. పత్తికి, వేరుశనగకు ఎండ్రిన్ కొట్టిన కాలం నాకు బాగా తెలుసు. ఆ వాసన ఊరి వాసనగా ఉండేది. ఆ ఏళ్లలో మా చేల చుట్టుపక్కల పొదిగిన చితుక పిట్టల, పాలపిట్టల, చెరువు కొంగల గుడ్డు పెంకు ఒక్కటైనా ఈ తాలూకాల్లో ఎవరి పెట్టెలోనైనా ఉందా? ఉంటే దాన్ని అడగవలసినవి చాలా ఉన్నాయి.

ఇంత చెప్పాక నా సందేహాలన్నీ తీరాయనుకోకండి. కొన్ని పెరిగాయి.

ఒకటి, కాలివేలి ముక్క కోసిన ప్రతిసారీ అది తరుగుతుంది. చర్మం ఒక్కటే, వేళ్లు కొన్నే. ఇవాళ అడిగేవాడికి ఇస్తే, ఇరవై ఏళ్ల తరువాత ఇంకా మంచి పనిముట్టుతో వచ్చేవాడికి ఏం మిగులుతుంది? అందుకే మ్యూజియంలో నమూనాలు కాచేవాళ్లు అంత తేలిగ్గా ఒప్పుకోరు. కారణం రాసి, ఎంత కావాలో చెప్పి, మిగిలింది తిరిగి ఇస్తానని ఒప్పుకుంటే గానీ కత్తి చేతికి రాదు. విత్తనాల గింజలు వండుకు తిననివ్వని ముసలమ్మ మొండితనం అది. ఒకప్పుడు దాన్ని అధికార దర్పం అనుకునేవాణ్ని, ఇప్పుడు అలా అనుకోలేను.

రెండోది నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. నత్రజనిలో దాచాం కదా అనే ధైర్యం మనకు పొదలు నరకడానికి చనువు ఇస్తుందేమో. 2020లో అమెరికాలో, 1988లో గడ్డకట్టించిన కణాల నుంచి నల్లకాళ్ల ఫెర్రెట్ అనే ముంగిసలాంటి జంతువును తిరిగి పుట్టించారు. అద్భుతమే. ఆ జాతికి తిరగడానికి మైదానం, తినడానికి ఎర ఇంకా ఉన్నాయి కాబట్టి అద్భుతం. కలివి కోడి కణం ఒకటి చలిలో పదిలంగా ఉండి, లంకమల బయలు మాత్రం లేకపోతే, ఆ కణం దేనికి జాడ? ఈ మాట ఆ అమ్మాయితో అంటే వాదించలేదు. "దాచడం ఆపితే పొదలు నరకడం ఆగుతుందా సార్?" అని మాత్రం అడిగింది. ఆగదు.

మూడోది చీటీ మీది పేర్ల గురించి. కోలారు గుడ్డు వెంట మీటన్ పేరు వచ్చింది. పొదల నీడలో నేల మీదున్న ఆ గుడ్డును మొదట చూసిన కన్ను ఆయనదేనా? కావచ్చు. ఏ గొర్రెల కాపరిదో, ఏ కట్టెల మనిషిదో కూడా కావచ్చు. జెర్డన్ తెచ్చుకున్న పక్షుల వెనక కూడా మన భాష మాట్లాడిన వేటగాళ్లు ఉండి ఉంటారని నా ఊహ. ఊహే, రుజువు లేదు. ఐతన్న విషయంలో మాత్రం ఊహ అవసరం లేకపోయింది. ఆయన పేరు కథలో నిలిచింది. మా అలుగును తవ్వి తీసినవాడో, అమ్మినవాడో, ఎవరైనా సరే, ఆ పేరు రాసి ఉంటే, ఆ మనిషిని వెతుక్కుంటూ వెళ్లి ఊరైనా కనుక్కునేవాళ్లం. ఎవరు తెచ్చారో రాయడం కేవలం మర్యాద అనుకునేవాణ్ని. అది చోటు దాకా తీసుకుపోయే దారి కూడా.

అటవీశాఖ కాగితం వచ్చాక ఆమె మళ్లీ వచ్చింది. గోరులో సగమంత కండ ముక్క తీసి, చిన్న గొట్టంలో ఆల్కహాల్ పోసి వేసింది. చీటీని గొట్టం పైన అంటించకుండా పెన్సిల్‌తో రాసి లోపలే వేసింది. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్లో కరిగిపోతుంది, పెన్సిల్ రాత పోదు. స్థలం అన్నచోట "తెలియదు" అని రాసి, దాని కింద మూడు కథలూ ఎవరు చెప్పారో ఆ పేర్లతో సహా పొట్టిగా రిజిస్టరులో ఎక్కించింది. అటెండరు తన పేరు సరిగ్గా రాసిందో లేదో వంగి చూసుకున్నాడు.

వెళ్లబోయే ముందు నా మనసులో ఉన్నది అడిగాను. ఇక ముందు రోడ్ల మీద చచ్చిపడే జంతువులవి, ముద్దనూరు రోడ్డులో, మైలవరం డ్యాం దగ్గర, అటవీశాఖ వాళ్లతో కలిసి నమూనాలు తీస్తే అన్నీ హైదరాబాదుకే పోవాలా? 2016లో ఢిల్లీలో ప్రకృతి చరిత్ర మ్యూజియం, 2018లో బ్రెజిల్ జాతీయ మ్యూజియం ఒక్క రాత్రిలో కాలిపోవడం చూశాం. ఏదైనా రెండు చోట్ల ఉండడం మేలు కదా. గోపవరంలో పశువైద్య కళాశాల ఉంది, పులివెందులలో పశుగణ పరిశోధనకని కట్టిన పెద్ద కేంద్రం ఉంది. ఎక్కడైనా ఒక అర చాలు.

"కరెంటు సంగతి సార్?" అంది. ఆల్కహాల్ గొట్టానికి కరెంటు అక్కర్లేదు, నీడ ఉంటే చాలన్నాను. "మన వేసవిలో 44 డిగ్రీలు. మూత కొంచెం వదులైనా ఆల్కహాల్ ఎగిరిపోతుంది. నెలనెలా చూసి పోసేవాళ్లు కావాలి." ఏటా కొత్త బ్యాచి పిల్లలు వస్తారు కదా అన్నాను.

"బ్యాచి వస్తుంది సార్, పోతుంది. రిజిస్టరు ఎవరి పేరు మీద ఉంటుందో చెప్పండి, ఒక సెట్టు నేనే తెచ్చి పెడతాను" అంది.

ఆ పేరు కోసం ఇద్దరు ముగ్గురిని అడిగి ఉన్నాను. ఒకరు ఆలోచించి చెబుతానన్నారు.